చివరి మడుగును మిగల్చండి

వైశాఖ మాసములో మీ ఊరి చెరువును ఒకసారి చూడండి. నీరు తూము అంచుకంటె దిగువకు దిగి, నడిమి లోతులో ఒక మడుగుగా మిగులుచున్నది. ఆ మడుగును వలలతో, గంపలతో, చేతులతో ఆఖరు పిల్ల వరకు ఊడ్చివేయుట అనేక గ్రామములలో ఆనవాయితీ. “ఎటూ ఎండే నీరే గదా, వదలినంత మాత్రాన చేప బ్రతుకునా?” అని అడుగువారు గలరు. అన్ని చేపలూ బ్రతుకవు గాని, కొర్రమీను, మార్పు, ఇంగిలాయి తప్పక బ్రతుకగలవు. వానిని ఆ మడుగులో వదలుట నష్టము కాదు, లాభమని నా అభిప్రాయము.

కారణము తెలిసికొనుట అవసరము. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉన్నది. 30 డిగ్రీల వేడిగల ఒక లీటరు మంచి నీటిలో అది ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ఇమడదు. నీరు వేడెక్కినకొద్దీ ఈ కొంచెము కూడ తగ్గును. పైగా కుళ్లిన ఆకు, పేడ, బురద దానిని హరించును. పగలు నాచు ప్రాణవాయువును విడుచును గాని, రాత్రి అదియు చేపలతో పాటు పీల్చుకొనును. అందుచేత తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా ఉండును.

ఆ వేళలో బొచ్చె, శీలావతి నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుకొని తేలియాడుట మీరు చూచియే ఉందురు. అవి గాలిని మ్రింగుట లేదు. గాలి తగులు పైపొర నీటిలో కాస్త ప్రాణవాయువు ఉండును గనుక ఆ నీటిని మొప్పలమీదుగా పోనిచ్చుచున్నవి. అది ఆపద గుర్తు. వెంటనే మేతను, పేడ ఎరువును ఆపి, క్రొత్తనీరు పెట్టవలెను, లేదా మోటారుతో నీటిని పైకి చిమ్మి పోయవలెను.

కొర్రమీను తీరు వేరు. అది పైకి వచ్చి ఒక్క గ్రుక్క గాలి మ్రింగి చటుక్కున మునుగును. మొప్పల పైన తలలో దానికి గాలి పట్టు గది ఒకటి గలదు. మార్పునకు ఆ చోట చెట్టుకొమ్మలవంటి అవయవము, ఇంగిలాయికి మొప్పల గది నుండి తోక వైపునకు సాగిన రెండు గాలి తిత్తులు ఉన్నవి. పెరిగిన కొర్రమీనుకు గాలి తప్పనిసరి. పైకి రానీయక వలలో అదిమి ఉంచినచో, మంచి నీటిలోనే ఊపిరాడక చచ్చును. ఒడలు తడిగా ఉన్నంతవరకు బురదలో దాగి కూడ ప్రాణము నిలుపుకొనగలదు.

ఇందుండి రెండు సంగతులు గ్రహింపవలెను. మొదటిది, కొర్రమీను బ్రతికియున్నదని నీరు మంచిదనుకొనరాదు; నీటి మంచిచెడ్డలను ఉదయము బొచ్చెను చూచి తెలిసికొనవలెను. రెండవది, వేసవిని గెలువగల చేపను చంపుచున్నది వేసవి కాదు, మన వల.

కొర్రమీను తక్కిన చేపల పిల్లలను తినునని కొందరి ఆక్షేపణ. అది నిజమే. పిల్లలను పెంచు నారు చెరువులలో దానిని ఉంచరాదు. కాని ఏటేటా ఎండు ఊరి చెరువులో నాలుగు అంగుళములు దాటిన బొచ్చె, శీలావతి పిల్లలను వదలినచో ఆ నష్టము చాల తగ్గును. ఆ పిల్లలను ఏటా తెచ్చి వదలవలసినదే. మడుగులో మిగిలిన కొర్రమీను మాత్రము తొలకరికి తానే గ్రుడ్లు పెట్టి చెరువు నింపును. ప్రాణముతో సంతకు చేరి మంచి ధర పలుకును. తెలంగాణ రాష్ట్రపు చేప కూడ ఇదియే.

గ్రామాధికారులకు, మత్స్యకార సహకార సంఘముల పెద్దలకు నా మనవి ఇది. చేపల పాట పెట్టునపుడే చివరి మడుగు పట్టుబడికి చెందదని షరతు వ్రాయండి. పూడిక తీయునపుడు చెరువంతయు చదును చేయక, నడుమ ఒక లోతు గుంట విడువండి. 2015 లో తెలంగాణలో ఆరంభమైన మిషన్ కాకతీయ వంటి పనులలో ఇందుకు వేరే ఖర్చు అక్కరలేకపోయెడిది. గుర్రపుడెక్క నీటిని కప్పివేసినచో చేప గాలికి రాలేదు గనుక దానిని తీసివేయించండి.

తొలి వానల తరువాత నీటిపై ఎర్రని పిల్లల గుంపు కనిపించినచోట గాలము వేయకండి. ఆ క్రింద తల్లిదండ్రులు కాపలా ఉండును. వానిని పట్టినచో ఆ గుంపంతయు ఇతర జీవుల పాలగును.

ఊపిరి లేని నీటిలో బ్రతుకు నేర్పు ఆ చేపకు ప్రకృతి ఇచ్చినది. కాస్త నీరు మిగుల్చుట మాత్రమే మన వంతు. ఈ వేసవిలో మీ ఊరి మడుగును వదలి చూడండి. మరుసటి ఏడు ఫలితము మీకే తెలియును.