డిగ్రీ కట్టడం తేలికే, గంటలే దొరకవు

క్రితంసారి పేరెంట్-టీచర్ మీటింగ్‌లో, నాలుగో తరగతి బాబు వాళ్లమ్మగారు ప్రోగ్రెస్ కార్డు చూడడం అయిపోయాక కూడా లేవలేదు. వెనకాల క్యూ ఉంది. గొంతు కాస్త తగ్గించి, "మేడమ్, నాకు ఇంటర్ కాగానే పెళ్లయిపోయింది. ఇప్పుడు డిగ్రీ కట్టొచ్చంటారా?" అని అడిగారు. ఆవిడ ఒక క్లినిక్‌లో రిసెప్షన్ చూసుకుంటారు. "ఎందుకు కట్టకూడదండీ, ఓపెన్ యూనివర్సిటీ ఉంది కదా" అనేశాను. తర్వాతి పేరెంట్ వచ్చి కూర్చున్నారు.

నా జవాబు తప్పేమీ కాదు. హైదరాబాద్‌లోని అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982 నుంచి, ఇగ్నో 1985 నుంచి ఉన్నాయి. ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ఎంతోమంది వాటిలో చదువుకున్నారు. కానీ ఆవిడకి సగమే చెప్పాను. మిగతా సగం నాకు బాగా తెలుసు. బీఈడీ అయ్యాక నేను కూడా ఇగ్నోలో ఎంఏ ఇంగ్లిష్ కట్టాను. మా పాపకి మూడేళ్లు.

స్కూల్ నుంచి ఇంటికి చేరేసరికి ఐదవుతుంది. పాప, వంట, మర్నాటి లెసన్ ప్లాన్, యూనిట్ టెస్ట్ పేపర్లు అన్నీ అయ్యాక పుస్తకం తెరిచేది పదిన్నరకి. అసైన్‌మెంట్లు చేత్తో రాయాలి. ఒకసారి రాత్రంతా కూర్చుని రాసి పెట్టుకుంటే, పొద్దున్నే మా పాప క్రేయాన్లతో వాటిని కరెక్షన్ చేసిపెట్టింది. జూన్‌లో, డిసెంబరులో పరీక్షలప్పుడు దాన్ని చూసుకున్నది మా అత్తయ్యగారు. ఆవిడ మోకాళ్ల నొప్పులు నా గ్రేడ్ కార్డులో ఎక్కడా కనపడవు. మొదటి ఏడాది పాసయినప్పుడు అందరూ "ఎలా మేనేజ్ చేశావమ్మా!" అన్నారు. మేనేజ్ చేయడమంటే నిద్ర తగ్గించుకోవడమే, ఇంకే రహస్యమూ లేదు.

ఆ అనుభవంతో చూసినందుకేనేమో, డిగ్రీ అప్రెంటిస్‌షిప్ గురించి చదివినప్పుడు ఒక విషయం దగ్గర ఆగిపోయాను. ఇంగ్లండ్‌లో ఇవి 2015లో మొదలయ్యాయి. ముందు ఉద్యోగంలో చేరతారు, జీతం తీసుకుంటూనే డిగ్రీ చదువుతారు. ట్యూషన్ ఫీజు చదివేవాళ్లు కట్టక్కర్లేదు. ఈమధ్య టీచర్లకీ ఇలాంటిది తెచ్చారు. కొన్నేళ్లు స్కూల్లో పనిచేస్తే డిగ్రీ, టీచర్ అర్హత రెండూ వస్తాయి. (మా బీఈడీలో స్కూల్ ఇంటర్న్‌షిప్ 20 వారాలు. జీతం సంగతి అడక్కండి.) నేను ఆగింది ఎక్కడంటే, ఈ పద్ధతిలో ట్రైనింగ్‌కి ఇచ్చే సమయం పనిగంటల్లోనే లెక్క. సాయంత్రం ఇంటికొచ్చే అమ్మ అప్పటికే కొంత చదువుకుని వస్తుంది.

అది స్వర్గమని అనను. అసైన్‌మెంట్లు అక్కడా రాత్రుల్లోకి పాకుతాయి. పిల్లల జ్వరం టైమ్‌టేబుల్ చూసుకుని రాదు. మన దగ్గర కూడా యూజీసీ 2020లో అప్రెంటిస్‌షిప్‌తో కలిసిన డిగ్రీలకు మార్గదర్శకాలు ఇచ్చింది. రిటైల్ లాంటి కోర్సుల్లో వారంలో కొన్ని రోజులు క్లాసు, కొన్ని రోజులు స్టైపెండ్‌తో పని. మీ పెద్దపిల్లల కోసం తప్పకుండా కనుక్కోండి. అయితే ఇవన్నీ ఇంటర్ పాసై వచ్చే పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. ముప్ఫై అయిదేళ్ల రిసెప్షనిస్టు గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు.

అందుకని ఆ పథకం వచ్చేదాకా ఆగకుండా, అందులోని ఆ ఒక్క పద్ధతి మనం తెచ్చుకోవచ్చని నా అభిప్రాయం. చదువుకునే ఉద్యోగికి వారానికి నాలుగు గంటలు పనివేళల్లోనే ఇవ్వాలి. పరీక్ష రోజు సెలవు అడిగితే మొహం చిట్లించకూడదు. స్కూళ్లకీ ఇదే వర్తిస్తుంది. ఈ న్యూస్‌లెటర్ మా మేనేజ్‌మెంట్ కూడా చదువుతుందని తెలిసే రాస్తున్నాను. మీలో చాలామంది షాపులు, క్లినిక్‌లు, ఆఫీసులు నడుపుతున్నారు. మీ కౌంటర్ దగ్గర ఇంటర్‌తో ఆపేసిన అమ్మాయి ఒకరైనా ఉండే ఉంటుంది.

ఇక ఇంట్లో సంగతి. పిల్లలకి పరీక్షలంటే టీవీ ఆపేస్తాం, చుట్టాల్ని ఈ వారం రావద్దంటాం. అదే అమ్మకి పరీక్షలుంటే? మా ఇంట్లో అయితే, నా రెండో పేపరు ముందురోజు పన్నెండుమందికి భోజనాలు.

మొన్న శనివారం మీటింగ్‌కి ఆవిడ మళ్లీ వచ్చారు, ఈసారి బాబు వాళ్ల నాన్నగారితో. క్రితంసారి చెప్పకుండా వదిలేసింది చెప్పాను. క్లాసులు ఆదివారాలు ఉంటాయి, ఇంట్లో రోజూ కనీసం గంట కావాలి, ఆ గంట ఎవరిస్తారో ముందే మాట్లాడుకుని అప్పుడు ఫీజు కట్టండి అన్నాను. ఆవిడ నవ్వి, "అది నేనొక్కదాన్నే తేల్చేది కాదు కదా మేడమ్" అన్నారు.

ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెడుతున్న నాన్నగారు తలెత్తారు.

"ఆదివారం ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, మేడమ్?"