సంతకం ఒకరిది, పని మరొకరిది

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. పెళ్లికి చేసిన అప్పు ఎప్పటికో ఒకప్పటికి తీరుతుంది. సరిగా కట్టని ఇల్లు మాత్రం కట్టించుకున్న వాడిని బతికినంత కాలం వేధిస్తుంది. గుంటూరు జిల్లా ప్రత్తిపాడు ప్రాంతంలోని ఒక గ్రామంలో విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరికీ, ఆయన ఇల్లు కట్టిన కాంట్రాక్టరుకూ నెలల తరబడి సాగుతున్న తగాదా ఇందుకు నిదర్శనం. పైకి ఇది ఇద్దరి మధ్య లావాదేవీగా కనిపించవచ్చు. కాని కూడబెట్టిన నాలుగు రాళ్లతో సొంత ఇల్లు కట్టుకోవాలనుకునే ప్రతి కుటుంబమూ దీని గురించి ఆలోచించవలసి వున్నది.

1,200 చదరపు అడుగుల డాబా ఇంటిని సామానుతో సహా 20 లక్షల రూపాయలకు కట్టి ఇచ్చేటట్లు మాట్లాడుకున్నారు. ఒప్పందమంతా నోటిమాట మీదనే జరిగింది. రిటైరయినప్పుడు చేతికి వచ్చిన సొమ్ములోనుంచి మాస్టారు 18 లక్షల 50 వేలు విడతల వారీగా ముట్టజెప్పారు. గత శ్రావణంలో గృహప్రవేశం జరిగింది. భాద్రపదం వానలకే స్లాబు నుంచి చెమ్మ దిగింది. వంటింటి గోడ నిలువునా నెర్రె విచ్చింది. ఇంతకంటె దారుణం మరొకటి వుంది. ఒకనాడు తెల్లవారుజామున తడిచేత్తో ఫ్రిజ్జి తలుపు తీయబోయిన ఇల్లాలు షాకు కొట్టి విరుచుకు పడిపోయింది. కొడుకు పరుగున వచ్చి మెయిన్ ఆపడంతో ప్రాణం దక్కింది. మరొక పనివాడిని పిలిపించి చూపిస్తే, మూడు కన్నాల ప్లగ్గులలో మూడో కన్నానికి అసలు తీగే లేదని తేలింది. ఇంటి ఆవరణలో ఎర్తింగు గుంత తీసిన జాడే లేదు.

కాని కరెంటు ఆఫీసుకు అందిన కాగితాలలో మాత్రం అంతా సవ్యంగా వుంది. వైరింగు పూర్తయినదనీ, పరీక్షించామనీ లైసెన్సు గల ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు ఒకరి సంతకమూ, ముద్రా వున్నాయి. ఆ సంతకం చేసిన పెద్దమనిషి తమ గడప తొక్కనే లేదని మాస్టారు అంటున్నారు. వైరింగు చేసినది మేస్త్రీ వెంట తిరిగే ఒక కుర్రవాడు. అతనికి పర్మిట్టు లేదు.

కాంట్రాక్టరు వాదన మరోలా వున్నది. ఇంటాయన మధ్యలో గది మార్చమన్నారనీ, ఇనుము, సిమెంటు ధరలు పెరిగినా తాను పాత రేటుకే పని చేశాననీ, మిగిలిన లక్షన్నర ఇస్తేనే మరమ్మతుకు వస్తాననీ ఆయన భీష్మించుకు కూర్చున్నారు. కరెంటు సంగతి అడిగితే "ఆఫీసు వారే పాస్ చేశారు కదా" అంటున్నారు. పెద్దమనుషులు కూర్చుని బాకీలో సగం ఇచ్చి సరిపెట్టుకోమని తీర్పు చెప్పారు. బాకీని చెరిసగం చేయవచ్చు. గోడలో పారుతున్న కరెంటును చెరిసగం చేయడం ఎవరి తరం?

ఇందులో కాంట్రాక్టరు మాటలన్నీ కొట్టిపారవేయదగినవి కావు. మధ్యలో పని మార్చి, అందుకు అయ్యే అదనపు ఖర్చు మాట్లాడుకోకపోవడం ఇంటివారి తప్పే. నలుగురిని విచారించకుండా తక్కువ రేటుకే మొగ్గు చూపడం కూడా మన ప్రజలకు పరిపాటి అయింది. చదువు లేకపోయినా ఇంజనీర్లకు తీసిపోని పనితనం గల మేస్త్రీలు పల్లెపల్లెనా వున్నారు. అందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. అయితే పని తెలిసినవాడికీ, తెలియనివాడికీ తేడా గుర్తించే ఏర్పాటు లేకపోవడంతో మంచి మేస్త్రీకి కూడా అన్యాయం జరుగుతున్నది.

ఈ ప్రాంతం నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. నెర్రెలు పోయే పొరను దాటి గట్టి నేల దాకా పునాది దిగకపోతే, నేలతో పాటు గోడా కదులుతుంది. ఇది తాతల నాటి నుంచి రైతులకు తెలిసిన సంగతే. అయినా మాస్టారి ఇంటికి మూడు అడుగుల లోతున పునాది తీసి సరిపెట్టారు. స్లాబు సంగతి కూడా అంతే. భారత ప్రమాణాల సంస్థ కాంక్రీటు పనికి నిర్దేశించిన ఐ.ఎస్. 456 ప్రకారం మామూలు సిమెంటయితే కనీసం 7 రోజులు, బూడిద కలిపిన పి.పి.సి. సిమెంటయితే కనీసం 10 రోజులు కాంక్రీటును తడి ఆరకుండా వుంచాలి. ఇక్కడ మూడోనాటికే నీళ్లు పట్టడం మానేశారని ఇంటివారు చెబుతున్నారు. పోత సులువుగా సాగడానికి కాంక్రీటులో నీళ్లు ఎక్కువ పోయడం మరొక దురలవాటు. ఎక్కువైన నీరు ఆరిపోయిన చోట సన్నని సందులు మిగులుతాయి. వానకాలంలో చెమ్మ ఆ సందుల గుండానే దిగుతుంది.

ఇల్లు కట్టే మేస్త్రీకి మన పల్లెల్లో లైసెన్సు అడిగేవారు లేరు. పంచాయతీ ఇచ్చే అనుమతి ప్లానుకే గాని పనితనానికి కాదు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం కట్టి అమ్మే పెద్ద వెంచర్లను దృష్టిలో పెట్టుకుని చేసినది. సొంత స్థలంలో ఒక్క ఇల్లు కట్టించుకునే వారికి అది అక్కరకు రాదు.

కాని కరెంటు పని సంగతి అలా కాదు. లైసెన్సు గల కాంట్రాక్టరు చేతనే, యోగ్యతా పత్రం గల వ్యక్తి పర్యవేక్షణలోనే వైరింగు జరగాలని 1956 నాటి భారత విద్యుత్ నియమాలలోనే వుంది. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ జారీ చేసిన భద్రతా నిబంధనలూ ఆ మాటే చెప్పాయి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి వంటివి మార్చుకోవడానికే మినహాయింపు ఇచ్చారు. కొత్త కనెక్షన్ ఇచ్చే ముందు పంపిణీ సంస్థ స్వయంగా వైరింగును పరీక్షించాలి, లేదా లైసెన్సుదారు సంతకం చేసిన పరీక్షా నివేదికను ఆమోదించవచ్చు. చిక్కంతా ఈ "లేదా" దగ్గరే వచ్చి పడింది. పరీక్షకు బదులు కాగితం చాలునన్నప్పుడు, ఆ కాగితానికి ఒక వెల కట్టేవారు పుట్టుకు వస్తారు. చూడని ఇంటికి సంతకం పెట్టడమంటే, పరీక్షించని రోగికి మందు చీటీ రాయడం వంటిదే.

ఎర్తింగు తీగ వున్నచోట ఫ్రిజ్జి, మోటారు వంటి వాటి ఒంటికి కరెంటు దిగితే అది భూమిలోకి పోతుంది, ఫ్యూజు తెగుతుంది. తీగ లేనిచోట మనిషి ఒళ్లే ఆ తీగ అవుతుంది. లీకేజీ 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి సరఫరాను తెంచివేసే పరికరాలు మార్కెట్లో దొరుకుతున్నాయి. లక్షలు పోసి ఇల్లు కట్టుకునేవారు గుమ్మానికి చెక్కే నగిషీ ఖర్చులో కొంత వీటి మీద పెట్టడం మంచిది.

మాస్టారి వంటి వారికి దారి లేకపోలేదు. ఇంటి నిర్మాణం కూడా "సేవ" కిందికే వస్తుందని 1993లో వినియోగదారుల చట్టానికి చేసిన సవరణ స్పష్టం చేసింది. సుప్రీం కోర్టు కూడా అదే సంవత్సరం లక్నో అభివృద్ధి సంస్థ కేసులో ఈ సంగతి చెప్పింది. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. చెల్లించిన సొమ్ము 50 లక్షలు మించని కేసులను జిల్లా కమిషన్ విచారిస్తుంది. 5 లక్షల వరకు రుసుము లేదు. మాస్టారు చెల్లించిన మొత్తానికి రుసుము 400 రూపాయలు. ప్లీడరు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. కాని వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. "రేపు వస్తా, మాపు వస్తా" అనే కాంట్రాక్టరు మాటలు నమ్మి, పంచాయతీల చుట్టూ తిరిగి, ఈ గడువు దాటబెట్టుకుంటున్న వారు ఎందరో వున్నారు.

కమిషన్ ముందు నిలబడేది కన్నీళ్లు కాదు, కాగితం. ఎన్ని అడుగుల పునాది, ఎంత ఇనుము, ఏ సిమెంటు, ఏ విడతకు ఎంత సొమ్ము, కరెంటు పని ఏ లైసెన్సుదారు చేస్తారు అనేవి రాసుకుని ఇరువురూ సంతకాలు చేయడానికి ఒక పూట చాలు. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. స్లాబు పోతకు ముందు చువ్వలు కట్టిన తీరును ఫోటో తీసి వుంచుకోవాలి. చివరి విడత సొమ్ము ఒక వానకాలం గడిచిన తరువాతనే ఇచ్చేటట్లు ముందుగానే మాట్లాడుకోవాలి. ఇది మేస్త్రీని అవమానించడం కాదు. రేపు ఇంటాయన మాట మార్చితే ఆ కాగితమే మేస్త్రీనీ కాపాడుతుంది.

అధికారులు చేయవలసినదీ వున్నది. లైసెన్సు గల ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ల జాబితాను ప్రతి సెక్షన్ ఆఫీసులోనూ, గ్రామ సచివాలయంలోనూ గోడకు అంటించాలి. కొత్త కనెక్షన్లలో కొన్నింటినైనా సిబ్బంది స్వయంగా వెళ్లి పరీక్షించాలి. ఎర్తింగు గుంత చూడనిదే మీటరు బిగించరాదు. చూడని పనికి సంతకం పెట్టినవారి లైసెన్సు రద్దుకు సిఫారసు చేయాలి. అదే సమయంలో, చేతిలో పని వుండి చేతిలో పత్రం లేని కుర్రవాళ్లకు శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి పర్మిట్లు ఇప్పించాలి. వారిని దొంగచాటు పనివారుగా మిగల్చడం వల్ల ఎవరికీ మేలు లేదు.

మాస్టారి ఇంట్లో ఇప్పుడు ఫ్రిజ్జి మూలన పడి వుంది. ఆ ఇల్లాలు వంటింట్లో స్విచ్చి వేయడానికి కూడా జంకుతున్నది. ఆమెకు కరెంటు కొట్టిందని ఊరంతా చెప్పుకున్నారు గాని, ఎవరి సంతకం మీద ఆ కరెంటు వచ్చిందని అడిగినవారు లేరు. ఇకనైనా ఆ ప్రశ్న అడగాలి. సంబంధిత అధికారులు దానికి జవాబు చెప్పాలి.