గువ్వ పాలు

మార్కాపురమునుండి తర్లుపాడు, కంభముల మీదుగా గిద్దలూరునకు పోవు మార్గమున కిరుప్రక్కల, కందిచేలకును మిరపతోటలకును నడుమ, రేగుకంపలతోను వెంపలితోను పిచ్చిగడ్డితోను నిండిన గట్లును, వంకల యొడ్డులును, వానకు నోచక దున్నకుండ విడిచిన బీళ్ళును ఎన్నియో కానవచ్చును. వీనిలో కొన్నింటిని రెవెన్యూవారు బంజరని వ్రాసికొనిరి, కొన్నింటిని పోరంబోకనిరి, రైతు వానిని చూచి నిట్టూర్చును, జేసీబీ యజమాని గంటల లెక్క కట్టును. అడంగలులో ఖాళీగా నున్నను ఈ నేలలకు నిజముగా ఒక అనుభవదారు కలదనియు, దాని పాలు దానికి విడువక గట్లను నున్నగా చెక్కివేయుట అవివేకమనియు నా మనవి. ఆ అనుభవదారు చిట్టిబెళ్ళగువ్వ.

పది అంగుళముల పొడవు, గులాబిచాయ తల, మట్టిరంగు వీపు, రెక్కల యంచున నీలిబూడిద వన్నె, కంఠమున నల్లని చుక్కల పట్టెడ. అణచుకొన్న నవ్వువలె ఐదారు స్వరములలో మెల్లగా పలుకు కూత. 1766లో లిన్నేయసు శాస్త్రనామ మొసగినది సెనెగలు దేశపు గువ్వకైనను, ఆఫ్రికా మొదలు అరేబియా మీదుగా మన దేశమువరకు మెట్టనేల యున్న పెక్కుచోట్ల ఇది వసించును. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డాను 1862–64 నడుమ వెలువరించిన పక్షిగ్రంథమున తెలుగు పేళ్ళనుగూడ శ్రద్ధతో చేర్చినాడు. నేటి మన విద్యావంతులలో ఈ పక్షిని పేరుపెట్టి పిలువగలవా రెందరో నేను చెప్పనక్కరలేదు.

దీని సంసారము విచిత్రమైనది. గూడన నాలుగు పుల్లలు అడ్డదిడ్డముగా పరచినదే. క్రిందనుండి చూచినచో గ్రుడ్లు కనబడునంత పలుచన. అందు రెండే తెల్లని గ్రుడ్లు. ఆడుమగలు వంతులవారీగా పదుమూడు మొదలు పదునైదు దినములవరకు పొదుగును. గింజలు తిని బ్రతుకు పిచ్చుకవంటి పక్షులు సయితము పిల్లలను పెంచుటకు పురుగులకై పరుగులెత్తవలసినదే గాని, గువ్వల జాతికి ఆ చిక్కు లేదు. ఏలయన తల్లియేకాదు, తండ్రియుగూడ తాను తిన్న గింజల బలమును తన గొంతుసంచి లోపలి పొరయందు క్రొవ్వును మాంసకృత్తులును నిండిన పాలవంటి పదార్థముగా మార్చి, ఆ పాలను పిల్లల నోట పోయును. పక్షిలోకమున ఈ భాగ్యము గువ్వలకును పావురములకును గాక, రాజహంసలవంటి ఒకటి రెండు జాతులకు మాత్రమే కలదు. కావుననే పురుగులు పుట్టు వానకాలమునకై ఇది కాచుకొనియుండదు. నేల రాలిన గింజ యున్నంతకాలము ఏడాది పొడవునను ఈతవెంట ఈత పిల్లలను లేపుచునే యుండును.

ఈ సంసారమంతయు గింజపై నిలిచియున్నదని దీనినిబట్టి తెలియును. మెతుకు కరవైననాడు గువ్వ చచ్చి పడదు; ఈతలు తగ్గించుకొనును. అందుచేత నష్టము మన కంటబడదు. ఇంగ్లండున ఇట్లే జరిగినది. అచ్చటి పొలములలో సర్వసాధారణమైన యొక చిన్న గువ్వ, వేసవి కాగానే వచ్చి కలుపుగింజలు తిని పిల్లలను పెంచుకొనునది, కలుపుమందులవలనను కంచెపొదలు కొట్టివేయుటవలనను మేత కోల్పోయి, జంట యొక్కంటికి ఏటి ఈతలు దాదాపు సగమునకు పడిపోగా, 1970 తరువాతి కాలమున నూటికి తొంబదియైదు వంతులకు పైగా క్షీణించినది. మన చిట్టిగువ్వకు నేడు అట్టి యాపద లేదు. కలదని చెప్పి భయపెట్టుట నా యుద్దేశము కాదు. ఆ గువ్వయు ఒకనాడు ఇంత సామాన్యమైన పక్షియే యని మాత్రము చెప్పుచున్నాను.

ఇక మన మార్కాపురము వైపున కొఱ్ఱయు సజ్జయు వెనుకబడి, పొగాకు, ప్రత్తి, మిరప, జామాయిలు ముందునకు వచ్చినవి. వీనిలో దేనివలనను గువ్వకు గింజ రాలదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినప్పుడు మనము వేదికలపై సజ్జరొట్టెను పొగడితిమి. చేను మాత్రము మారలేదు. చేనిలో లేని గింజ గట్టుమీదనే దొరకవలెను. ఆ గట్టుపై కలుపుమందు కొట్టితిమా, ఇక మిగులున దేమి? నల్లమలలో పులికై 1983నుండి అభయారణ్య మున్నది, అది న్యాయమే. అయితే అడవి ముగిసి పొలము మొదలగుచోట గువ్వ కాపుర మున్నది, అచ్చటికి ఏ శాఖ చూపును ప్రసరింపదు. ఉండేలుతోను ఉచ్చుతోను దీనిని పట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేరమే గాని, గూడు లేని పొదలు కొట్టివేయుట ఆ చట్టముచే నేరము కాదు.

విత్తిన గింజ నేరుకొని తినునని రైతులు దీనిపై కొంత కినుక వహించుట నే నెఱుగుదును. తినును, నిజము. కాని తక్కిన పదునొకండు నెలలును అది తినునది రాలుగింజయు కలుపుగింజయు గదా.

మఱియొకటి: ఎండుగింజలలో నీటిపాలు స్వల్పము. అందుచే గువ్వ దినదినమును నీరు త్రావవలెను. పెక్కు పక్షులవలె తలయెత్తి మ్రింగక, ముక్కు ముంచి యొక్కపెట్టున పీల్చి యెగిరిపోవును. వేసవిలో గుండ్లకమ్మ యెండి, కంభము చెఱువు క్రుంగినప్పుడు పశువుల తొట్టియే దానికి గతి.

ఉపాధిహామీ పనులలో జంగిల్ క్లియరెన్సు పేర గట్లను, వంకపోరంబోకులను శుభ్రము చేయించు అధికారులకును, పంచాయతీ పెద్దలకును నేను కోరున దొక్కటే: గట్టున కొక ప్రక్కనైనను పొదలు విడువుడు, అచ్చట కలుపుమందు కొట్టనీయకుడు, ఎండకాలమున ఊరి తొట్టిని ఎండనీయకుడు. దీనికి కొత్త పథకము గాని, నిధులు గాని అక్కరలేదు.