పిస్తోలు లైసెన్సు హక్కా? అధికారి ప్రసాదమా?

తెనాలి రణరంగ చౌకులో ఏడ్గురు వీరుల స్మారకములు నిలిచియున్నవి. 1942 ఆగస్టు 12వ తేదీన పోలీసు తుపాకులకు వారు బలియైరి. ఆ గుండ్లు కురిపించిన పరప్రభుత్వమే, అంతకు 64 ఏండ్లకు ముందు, ఆయుధము పట్టుటకు మనము తగమని శాసించెను. 1878లో లిట్టన్ ప్రభువు కాలమున వెలసిన ఆయుధచట్టము క్రింద దొరలకు మినహాయింపు, దేశీయునకు లైసెన్సు. 1920 నిబంధనలు జాతిభేదమును తొలగించినను, బిరుదులవారికిని హోదాగలవారికిని మినహాయింపులు మిగిల్చెను. తెల్లతోలుతోపాటు జరీ తలపాగాయు లోనికి పోయెను. సామాన్యుడు మాత్రము గుమ్మముకడనే నిలిచెను.

నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమికహక్కులలో చేర్చెను. మన రాజ్యాంగము దానిని చేర్చలేదు. అందులకు మేము చింతింపము. మా యభియోగము వేఱు.

1962 అక్టోబరు 1 నుండి అమలులోనున్న 1959 ఆయుధచట్టము 14వ సెక్షనులో రెండు మంచిమాటలు చెప్పుచున్నది. ఆస్తి చాలదన్న కారణము మాత్రముచేత లైసెన్సు నిరాకరింపరాదు. నిరాకరించినచో కారణము వ్రాసి, అడిగినవానికి తెలుపవలెను. ప్రజాహితమునకు భంగమని అధికారి తలచినపుడు మాత్రము తెలుపనక్కరలేదు. ఆ తలంపు చాటున ఎన్ని కారణములైన దాగవచ్చును! ఇంక పిస్తోలునకు, రివాల్వరునకు “తగిన కారణము” కలదని అధికారికి తోచవలెను. తెనాలివాడు గుంటూరు కలెక్టరును, బాపట్ల రేపల్లెలవాడు 2022లో ఏర్పడిన బాపట్లజిల్లా కలెక్టరును ఆశ్రయింపవలెను. ఒకరికి తోచినది వేఱొకరికి తోచకపోవచ్చును. తోచుటకు కొలబద్ద యేది?

వృత్తిరీత్యా మా యొద్దకు ఒక వర్తకుడు వచ్చెను. రాత్రివేళ రొక్కముతో ప్రయాణము చేయువాడు. ఒకమారు దోపిడికి గురియైనవాడు. రెండేండ్లు ఒక కచేరి మెట్లెక్కి దిగెను. తుదకు వచ్చిన ఉత్తరువు ఒక్క వాక్యము: కారణము సంతృప్తికరముగా లేదు. ఏల లేదో అందులో లేదు. ఆ మాసముననే, ఏ యాపదయు నెఱుగని పెద్దమనిషి యొకడు పెండ్లి యూరేగింపులో రివాల్వరు నడుమున దోపుకొని మీసము దువ్వుట మేము కన్నులార చూచితిమి. సంబరములలో నిర్లక్ష్యముగా తుపాకి పేల్చువారికి రెండేండ్ల వఱకు ఖైదు, లక్షరూపాయల వఱకు జరిమానా 2019 సవరణలో విధింపవలసివచ్చిన దన్నచో, ఆయుధము ఆత్మరక్షణకు గాక ఆడంబరమునకు చేరుచున్నదని పార్లమెంటే ఒప్పుకొన్నట్లు గాదా?

కొనువాని గతి యిది. చేయువాని గతి మఱియొకటి. ఆయుధపరిశ్రమ ద్వారములు ప్రైవేటువారికి 2001లో గాని తెరచుకొనలేదు. చేతితుపాకి కొనువానికి చిరకాలము ప్రభుత్వ కర్మాగారములే దిక్కయ్యెను. స్త్రీల రక్షణకని 2014లో కాన్పూరునుండి ‘నిర్భీక్’ రివాల్వరు వెలువడెను. వెల లక్షా యిరువదిరెండు వేలకు పైన! పొలము కూలికి పోవు ఆడుపడుచు దానిని కొనునా? బడిపంతులమ్మ కొనునా? బీహారులోని ముంగేరు మీర్ ఖాసిం నవాబు నాటినుండి తుపాకిపనివారికి ప్రసిద్ధము. అచ్చటి లైసెన్సు కర్మశాలలకు కోటా మేరకు పొడుగు తుపాకులు చేయుటకే అనుమతి. పని కఱవైన చేతులు కొన్ని దొంగపిస్తోళ్లవైపు మరలెను. నిజాయితీపరుడు కచేరిలో కాచుకొనియుండగా, దొంగ చీకటిలో కొనుచున్నాడు.

అమెరికావలె అందఱకును తుపాకులు పంచవలెనా యని పఠనమందిరములలో కొందఱు ప్రశ్నింతురు. వలదు, వేయిమార్లు వలదు! 2022లో అచ్చటి సుప్రీముకోర్టు, చేతితుపాకి వెంట దాల్చుటకు ప్రత్యేకకారణము చూపవలెనన్న న్యూయార్కు చట్టమును కొట్టివేసెను. అంతకు ముందటి యేడు, 2021లో, ఆ దేశమున తుపాకులవలన 48 వేలమందికి పైగా మరణించిరి. ఆ త్రోవ మనకు తగదు. చట్టము కఠినముగనే యుండనిండు. కాని అందఱియెడ ఒక్కరీతిగ కఠినముగ నుండవలెను.

కావున మేము కోరునది స్వల్పము. నిరాకరణకు కారణము అడుగకయే ఈయవలెను. ఏ జిల్లాలో ఎందఱడిగిరో, ఎందఱకు ఏ కారణమున ఇచ్చిరో యేటేట ప్రకటింపవలెను. పనివానికి లెక్కకు లోబడిన నీతియుక్తమైన పని చూపవలెను.

బాపట్ల తాలూకా పెదనందిపాడు రైతులు 1921–22లో ఆయుధము లేకయే పన్ను నిరాకరించి నిలిచిరి. తెనాలి వీరులు వట్టిచేతులతోనే నేలకొరిగిరి. పిస్తోలు ఈ గడ్డకు ఎన్నడును ఘనత కాదు. అధికారి యెదుట ధనికుడును దరిద్రుడును ఒక్క వరుసలో నిలుచుటయే ఘనత. ఆ వరుస యింకను ఏర్పడలేదు.