గిన్నీల పందెంలో సైసుల సమ్మె



గుర్రప్పందేలతో మన యూనియన్‌కేం పని అని కొందరు అడుగుతారు. పని ఉందనే మేమంటాం.

ఇంగ్లండులోని న్యూమార్కెట్‌లో 1809 నుంచి ఏటా ఒక పందెం జరుగుతోంది. మూడేళ్ల మేలుజాతి గుర్రాలు మైలు దూరం పరుగెత్తుతాయి. మొదట్లో పెట్టిన బహుమతి సొమ్మును బట్టి దాన్ని '2000 గిన్నీలు' అంటారు. గిన్నీ అంటే 21 షిల్లింగులు. తొలి యేడు గెలిచిన గుర్రం విజర్డ్. ఏ యేడు ఏ గుర్రం గెలిచింది, యజమాని ఎవరు, జాకీ ఎవరు, అన్నీ రాసిపెట్టారు. తెల్లవారకముందే లేచి, పేడ ఎత్తి, దాణా పెట్టి, మాలీసు చేసిన సైసు పేరు ఆ పట్టికలో లేదు. మిల్లు గుడ్డమీద మిల్లు ముద్రే గాని నేసినవాడి పేరుంటుందా?

1975లో ఆ సైసులు కూలి పెంచమన్నారు. వేలకు వేల పౌండ్లు పోసి గుర్రాలు కొనేవారి లోకంలో ఆ కాస్త కూలి బరువైపోయింది! సమ్మె మొదలైంది. మే 1న, సరిగ్గా మేడే నాడు, ఆడగుర్రాల '1000 గిన్నీల' పందేనికి సైసులు అడ్డం నిలిచారు. తోటి కష్టజీవులైన జాకీలే వారి మీదికి గుర్రాలు తోలారు. పెద్దమనుషులు స్టాండు దిగివచ్చి చేయిచేసుకున్నారు. మే 3న 2000 గిన్నీల పందేనికీ సైసులు అడ్డుపడ్డారు. అయినా పందెం జరిగింది, బోల్కోన్‌స్కీ గెలిచింది. సమ్మె జులై దాకా సాగింది. కూలి కొంత పెరిగింది గాని, కొందరికి మళ్లీ పని దొరకలేదు.

ఎందుకిలా జరిగింది? అన్ని శాలల సైసులూ బయటికి రాలేదు. జాకీలు కలిసి రాలేదు. ఆ జాకీల్లో చాలామంది ఒకప్పుడు అదే శాలల్లో పేడ ఎత్తినవారే!

ముంబయి మహాలక్ష్మి మైదానంలోనూ 'ఇండియన్ 2000 గిన్నీలు' ఉంది. దానికి దగ్గర్లోనే పరేలు మిల్లుల్లో మన తెలుగువాళ్లు మగ్గాలు నడిపారు. 1982 సమ్మె తర్వాత ఆ మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పందెం మిగిలింది.

సోదరులారా! పర్మనెంటు, బదిలీ, కాంట్రాక్టు అని మనల్ని మూడు ముక్కలు చేసేది ఎవరి లాభానికి? బదిలీవాడు గేటు దగ్గర కూర్చున్న రోజున పర్మనెంటువాడు అతన్ని దాటుకుని లోపలికి పోతే, న్యూమార్కెట్ జాకీకి మనకు తేడా లేదు. అందరూ గేటు బయటే నిలవండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!