ఏ రకం అమెరికన్‌వి?

అలెక్స్ గార్లాండ్ తీయగా 2024లో వచ్చిన ‘సివిల్ వార్’లో టెక్సాస్, కాలిఫోర్నియా ఒక్కటై ప్రెసిడెంట్ మీద జంగ్‌కి దిగుతాయి. ఎందుకో సాఫ్‌గా చెప్పలేదని చాలామందికి షికాయత్. నాకు లేదు. శవాల గోతి దగ్గర ఎర్ర కళ్లద్దాల సిపాయి కారణాలేమైనా చెప్పాడా? చేతిలో బందూక్, ఏ రకం అమెరికన్‌వి అని ఒకటే సవాల్. హాంకాంగ్ అన్నవాడికి గోలీయే జవాబ్. (మన పిల్లలెందరో ఆ టెక్సాస్‌లోనే ఉన్నారు. నా గొంతు ఎండిపోయింది.)

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం తస్వీర్లు తీసేవాళ్ల సంగతి. పెద్దాయన సామీ చనిపోతే లీ ఆయన తస్వీర్ తీసింది, మళ్లీ తనే చెరిపేసింది. ఆమె దగ్గర పని నేర్చిన జెస్సీ, తనను కాపాడబోయి లీ కూలిపోతుంటే కెమెరా దించలేదు. ఆమెను వదిలి ప్రెసిడెంట్ మౌత్ తీయడానికి పోయింది. దీన్ని హునర్ అనేవాళ్లున్నారు. నేను అనలేను. లీ చేత ఆ తస్వీర్ చెరిపించిన దిల్ ఈ పిల్లలో ఎప్పుడు మాయమైందో!