చేతిపనికి చూపరులు కావాలి

తెలుగువారి నిత్యవ్యవహారంలో స్వర్ణకారుని కుంపటి దగ్గర పుట్టిన మాటలు అనేకం ఉన్నాయి. మనిషి గుణానికి కష్టకాలమే గీటురాయి అంటాం. బుద్ధికి సాన పట్టాలంటాం. కష్టాలను తట్టుకొని నిలిచిన వారిని పుటం పెట్టిన బంగారంతో పోలుస్తాం. ఈ పలుకుబడులను సొంతవాక్యాలలో ప్రయోగించమంటే విద్యార్థులు తడుముకోకుండా రాయగలరు. కాని గీటురాయిపై బంగారాన్ని గీస్తుండగా చూసినవారు, సానపై రత్నం మెరుగు దిద్దుకోవడం చూసినవారు వారిలో ఎందరు? మాట మిగిలింది, దానికి జన్మనిచ్చిన పని మాత్రం మన కంటికి దూరమైంది. కనుక నగల తయారీని, రాళ్ళకు సాన పట్టే విద్యను ప్రజలందరూ ఉచితంగా చూడగల ప్రదర్శనలు ఊరూరా జరగవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.

పూర్వం ఇందుకు ప్రత్యేక ఏర్పాట్లు అవసరం లేకపోయింది. స్వర్ణకారుడు ఇంటి వసారాలోనే పని చేసేవాడు. బంగారం ఇచ్చినవారు ఎదురుగా కూర్చుని చూసేవారు. దారిన పోయే పిల్లలు కూడా నిలబడి చూసేవారు. నేడు నగ అద్దాల అంగడిలో సిద్ధంగా లభిస్తుంది. దానిని చేసిన చేయి ఎవరిదో కొన్నవారికి తెలియదు.

కరీంనగర్ వెండి తీగపనినే తీసుకుందాం. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన కళ ఇది. కళాకారుడు వెండిని మూసలో కరిగించి కడ్డీగా పోస్తాడు. ఆ కడ్డీని సాగగొట్టి కమ్మచ్చులోని రంధ్రాల గుండా లాగుతాడు. ఒక్కొక్క రంధ్రం ముందుదానికంటే సన్ననిది. అలా లాగగా లాగగా వెండి సన్నని తీగగా మారుతుంది. రెండు తీగలను పురిపెట్టి, అదిమి, చుట్టలుగా చుట్టి, లతలుగా మలచి, కాస్త లావు తీగతో కట్టిన చట్రంలో అమరుస్తాడు. వెలిగారం, టంకం పొడి చల్లి ఊదుగొట్టంతో మంటను వాటిపైకి ఊదుతాడు. ఆ వేడి కాస్త తక్కువైతే తీగలు అతకవు, కాస్త ఎక్కువైతే అంతవరకు చేసిన పని కరిగి ముద్దవుతుంది. ఈ మెలకువను పుస్తకంలో ఎంత వర్ణించినా చాలదు. కళ్ళారా చూసినప్పుడే దాని విలువ బోధపడుతుంది.

చూడటం వల్ల కొనుగోలుదారునికీ మేలు కలుగుతుంది. నగ కొన్నప్పుడు మజూరీ, తరుగు అనే పేర్లతో కొంత సొమ్ము చెల్లిస్తాం. తరుగు ఎక్కడ ఏర్పడుతుందో మనలో చాలామందికి తెలియదు. ఆకురాయి రాపిడికి రజను రాలడం, పనివాడు దానిని జాగ్రత్తగా ఊడ్చి మళ్ళీ కరిగించుకోవడం చూసినవాడు తరుగు లెక్కను వివేకంతో ప్రశ్నించగలడు. గంటల తరబడి వంగి చేసిన పనిని చూసినవాడు న్యాయమైన మజూరీ ఇవ్వడానికి వెనుకాడడు.

చూసినవారు ఉండబట్టే కొన్ని విద్యల జాడ చరిత్రలో నిలిచింది. 17వ శతాబ్దంలో దక్కను గనులను దర్శించిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ 1676లో తన యాత్రాగ్రంథాన్ని ప్రకటించాడు. ఒక గని వద్ద వజ్రాలు కోసేవారు ఉక్కు చక్రంపై ఒక్కొక్క రాయినే ఉంచి, దాని పొర తెలిసేవరకు నీళ్ళు పోసేవారనీ, తెలిసిన పిమ్మట నూనె పోసి వజ్రపు పొడిని ధారాళంగా వాడేవారనీ అందులో వర్ణించాడు. వజ్రాన్ని వజ్రంతోనే అరగదీయాలన్న సత్యం ఆ పనివారికి కరతలామలకం. ఆ పనివారి పేర్లు మనకు దక్కలేదు. ఒక బాటసారి ఆసక్తితో చూసి రాసినందువల్ల వారి నేర్పు మాత్రం తెలిసింది.

అయితే, పదిమందిలో పని చేస్తే కులవృత్తి రహస్యాలు బయటపడతాయని కొందరు శంకిస్తారు. ఏళ్ళ సాధనతో చేతికి అబ్బిన నేర్పును గంటసేపు చూసినంతమాత్రాన ఎవరూ అపహరించలేరు. పైగా వారసులే వృత్తిని వదులుతున్న ఈ రోజులలో దాచిన విద్య దాచినవారితోనే అంతరించే ప్రమాదం ఉంది. ఇంతకంటె బలమైన అభ్యంతరం మరొకటుంది. ప్రదర్శనకు వెచ్చించిన దినం కళాకారునికి కూలి పోయిన దినం. కాబట్టి ప్రదర్శన చూసేవారికి ఉచితం కావాలి గాని, చేసేవారికి వెట్టిచాకిరి కారాదు. నిర్వాహకులు దినవేతనం, ప్రయాణ వ్యయం, ముడిసరుకు ఖర్చు విధిగా చెల్లించాలి. 2023లో ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో స్వర్ణకారులకు శిక్షణ, పనిముట్ల కొనుగోలుకు సహాయం ఉన్నాయి. పనిముట్టుతో పాటు పని విలువ తెలిసిన ఆదరణ కూడా లభించినప్పుడే ఆ సహాయం సార్థకమవుతుంది.

ఇది అసాధ్యమేమీ కాదు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు లక్కగాజులను చార్మినార్ చెంత లాడ్ బజారులో కొనేవారి ఎదుటే తయారు చేసి ఇవ్వడం కద్దు. నిప్పుల సెగకు మెత్తబడిన లక్క గుండ్రని గాజుగా మారి, దానిపై మెరుపురాళ్ళు ఒక్కొక్కటే కుదురుకోవడం చూడటానికి రుసుము లేదు. ఇట్టి అవకాశం వస్తుప్రదర్శనశాలలలో, శిల్పారామం వంటి వేదికలలో, కళాశాలల ప్రాంగణాలలో కూడా కలగాలి. అమ్మకపు అంగడి పక్కన పనిపీటకు కూడా చోటివ్వాలి.

విద్యార్థులందరూ స్వర్ణకారులు కానక్కరలేదు. కాని శ్రమను చూసి గౌరవించే సంస్కారం అందరికీ అవసరం. మీ కళాశాల వార్షికోత్సవానికి ఈసారి ఒక స్వర్ణకారుని సగౌరవంగా పిలవండి. తగిన పారితోషికమిచ్చి, కుంపటి చుట్టూ కూర్చుని, అడగవలసినవన్నీ అడగండి.